ప్రాణమంతా తవుట్లోనే

దసరా వెళ్లి దీపావళి వచ్చేలోగా శ్రీకాకుళం జిల్లాలో ఏ వరిచేలో దిగినా ఈ పని చేసి చూడొచ్చు. పూత అయిపోయి వారం దాటిన వెన్నులోంచి ఒక గింజను తుంచి, రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కండి. తెల్లని పాలు బయటికొస్తాయి. చేను పాలు పోసుకుందంటాడు రైతు. ఇంకో పది రోజులాగి అదే వెన్నులోంచి మరో గింజ తుంచితే పాలు ఉండవు, మెత్తని పిండిముద్ద ఉంటుంది. మరికొన్నాళ్లకు అది పంటి కింద పటుక్కుమంటుంది.

గింజ ముదరడమంటే నీరు ఇంకిపోవడమే అనుకుంటాం. నీరు ఇంకడం నిజమే. కానీ నీరు పూర్తిగా ఇంకకముందే గింజలో పెద్దఎత్తున చావులు జరుగుతాయి. తెగులు వల్లో ఎండ వల్లో కాదు, వేళ చూసుకుని, వరసలో, గింజ తన చేత్తో తనే చేసుకునే చావులు. ఇవి సరిగా జరిగితేనే గింజ నిండుతుంది. జరగకపోతే తాలు. మన కంచంలోకి వచ్చే తెల్లన్నం ఆ చచ్చిన కణాలే.

మొదట్నించీ చెప్పుకోవాలి.

వరి పువ్వు పొద్దెక్కాక విచ్చుకుంటుంది. గంటా గంటన్నర తెరుచుకుని, ఆరు కేసరాలు బయటికి వేలాడేసి, మళ్లీ మూసుకుంటుంది. ఆ కాస్త సేపట్లో పుప్పొడి రాలి కీలాగ్రాన్ని అంటుకోవాలి. ఉత్తరాంధ్రలో వరి పూతకూ తుపాన్లకూ ముహూర్తం దాదాపు ఒకటే కావడం ఇక్కడి రైతు తలరాత. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ పూట విచ్చుకోవలసిన పువ్వుకు మర్నాడు ఇంకో అవకాశం ఉండదు.

పుప్పొడి నాళం రెండు పురుష కణాలను మోసుకొస్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. అదే రేపటి మొక్క. రెండోది పక్కనే ఉన్న మరో పెద్ద కణంతో కలుస్తుంది. ఆ కణంలో తల్లి తరఫున రెండు కేంద్రకాలుంటాయి గనక, కలయికలో తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒకటి. దీన్నుంచి పుట్టేదే అంకురచ్ఛదం, అంటే పిండానికి తిండి. ఈ జంట కలయికను 1898లో కీవ్ నగరంలో సెర్గీ నవాషిన్ గమనించాడు. చుట్టరికం లెక్కన చూస్తే పిండమూ అంకురచ్ఛదమూ కవలలు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ముహూర్తం. ఒకరు పెరిగి పెద్దవ్వాలి, రెండోవారు ఆ ఒకరికి అన్నమైపోవాలి. పురాణాల్లో కూడా ఇంత నిక్కచ్చి పంపకం ఎక్కడా చదివిన గుర్తు లేదు.

మొదటి మూడు రోజుల్లో ఈ రెండో కవల ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలంటే ఉద్దానం వెళ్లి ఒక లేత కొబ్బరి బొండం కొట్టించుకోవాలి. బొండంలో నీళ్లు మామూలు నీళ్లు కావు. అవి కొబ్బరి అంకురచ్ఛదమే. కణాలకు గోడలు కట్టుకోకుండా కేంద్రకాలు మాత్రం విభజించుకుంటూ పోతే ఏర్పడే ద్రవం అది. కాయ ముదురుతుంటే టెంక లోపలి అంచు నుంచి గోడలు కట్టుకుంటూ కణాలు ఏర్పడతాయి. గరిటెతో గీకి తినే లేత మీగడ ఆ మొదటి కణాల పొర. ఎదుగుదలకు కావలసిన సరంజామా ఈ నీళ్లలో ఎంత దండిగా ఉంటుందంటే, 1941లో యోహానెస్ వాన్ ఓవర్‌బీక్, అతని సహచరులు ఉమ్మెత్త గింజల్లోని పసి పిండాలను బయటికి తీసి కొబ్బరినీళ్లు కలిపిన పోషకంలో పెంచగలిగారు.

వరిగింజ కూడా తొలి మూడు రోజులూ చిన్న బొండమే. గోడలు లేని ద్రవం, అందులో కేంద్రకాల గుంపు. మూడో రోజు దాటాక అంచుల నుంచి లోపలికి గోడలు కట్టుకుంటూ వస్తాయి. కొబ్బరికి నెలలు పట్టేది వరికి రోజుల్లో అయిపోతుంది. అయితే ఒక తేడా ఉంది. కొబ్బరి ముక్కలో కణాలు బతికే ఉంటాయి. వరిగింజ మధ్యలో కణాలకు ఆ రాత లేదు.

పెరిగే అంకురచ్ఛదానికి చోటు కావాలి. ఆ చోటులో అప్పటికే తల్లి మొక్క తాలూకు కణజాలం ఒకటి కాపురముంటుంది. అండానికి అది తొలి ఊయల. ఊయల కరిగితేనే బిడ్డకు జాగా, పైగా కరిగినదంతా బిడ్డకు తిండి. గింజలో జరిగే పెద్ద చావుల్లో ఇది మొదటిది. ఎవరు ముహూర్తం పెడతారన్నదే ప్రశ్న.

ఇక్కడ జన్యువుల మాట చెప్పుకోవాలి. వరి జన్యువుల మొత్తం లిపిని అంతర్జాతీయ బృందం 2005 నాటికి చదివి ముగించింది. పదకొండో క్రోమోజోములో కొంత భాగం మన దేశంలో చదివినదే. మొత్తం సుమారు 37,500 జన్యువులని అప్పట్లో లెక్క తేల్చారు. వరి మొక్కలో ఏ కణాన్ని తీసుకున్నా, వేరుకణమైనా ఆకుకణమైనా, దాదాపు ఇదే గ్రంథం ఉంటుంది. ఉగాదికి ఊళ్లో ఇంటింటికీ ఒకే పంచాంగం వస్తుంది. అయినా మేషరాశి వాళ్లు మీనరాశి పేజీ తిప్పరు. కణాలూ అంతే. ఎవరి పేజీ వారే చదువుతారు. చదివిన పేజీ ప్రకారం ప్రోటీను తయారవుతుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. మాట బరువైనా విషయం తేలికే: పుస్తకం ఉండటం వేరు, పేజీ తెరవడం వేరు.

పేజీలు తెరిపించే జన్యువులు కొన్ని ఉంటాయి. అవి స్వయంగా పని చెయ్యవు, ఎవరెప్పుడు ఏం చదవాలో చెబుతాయి. వరిలో మ్యాడ్స్‌29 అలాంటిది. పురోహితుడి ఉద్యోగమన్నమాట. 2012లో చైనా పరిశోధకులు దీని నోరు నొక్కి చూశారు. ముహూర్తం తప్పింది. తల్లి కణజాలం కరగలేదు. లోపలి అంకురచ్ఛదానికి చోటూ లేదు, తిండీ అందలేదు. గింజలు ముడుచుకుపోయాయి. ఆ మరుసటి ఏడాది ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే జన్యువు మీద పనిచేసి, దీని ప్రభావం హార్మోన్ల సమతూకం మీదుగా పిండం మీద, అంకురచ్ఛదం మీద కూడా ఉందని చూపించారు. మ్యాడ్స్‌29 తెరిపించే పేజీల్లో ప్రోటీన్లను తునకలు చేసే కత్తెర ఎంజైములవి ఉన్నాయి. తాలు గింజ చేతికి రాగానే నీరు చాలలేదనో ఎరువు చాలలేదనో అనుకుంటాం, చాలాసార్లు అదే నిజం కూడా. చావవలసిన కణం చావకపోయినా తాలే మిగులుతుందని ఎవరం అనుకోం.

చోటు దొరికాక అంకురచ్ఛదం కోఠీ నింపడం మొదలుపెడుతుంది. ఆకుల్లో తయారైన చక్కెర వెన్ను గుండా దిగి వస్తుంది. చక్కెరను గంజిపొడిగా పేర్చే ఎంజైముల జన్యువులు, గింజలో దాచుకునే ప్రోటీన్ల జన్యువులు ఒక్కుమ్మడిగా తెరుచుకుంటాయి. ఆకులో గాని వేరులో గాని వీటిలో చాలా పేజీలు ఎన్నడూ తెరవరు. వాటిలో వ్యాక్సీ అనేదొకటి ఉంది. గంజిపొడిలో కొమ్మలు లేని పొడుగాటి గొలుసులను అది తయారుచేయిస్తుంది. ఆ గొలుసులు ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా విడుతుంది, తక్కువుంటే ముద్దవుతుంది. జపాన్ బియ్యం అంటుకుపోవడానికి ముఖ్య కారణం ఈ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం దగ్గర సందేశం సరిగా అతుక్కోక ఎంజైము తక్కువ తయారవుతుంది. శ్రీకాకుళం పక్కనే ఉన్న రాగోలు పరిశోధన కేంద్రంలో పుట్టిన శ్రీకాకుళం సన్నాల అన్నం, జపాన్ అన్నం పక్కపక్కన వడ్డిస్తే ఆ అక్షరం వేళ్లకు తెలుస్తుంది.

కోఠీ నిండుతుండగానే రెండో చావు మొదలవుతుంది. పూసిన వారం పది రోజుల్లో గింజ నడిబొడ్డున ఉన్న కణాలు ముందు పోతాయి, తరవాత చావు అంచుల వైపు పాకుతుంది. పరిశోధకులు దీన్ని కంటితో చూసే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ఇవాన్స్ బ్లూ అనే రంగు నీళ్లలో గింజ ముక్కను ముంచుతారు. బతికున్న కణం పొర ఆ రంగును గడప దాటనివ్వదు. చచ్చిన కణానికి కాపలా లేదు, నీలంగా మారిపోతుంది. రోజుకొక గింజ చొప్పున కోసి ముంచుకుంటూ పోతే నీలం మచ్చ మధ్యలో పుట్టి రోజురోజుకూ పెద్దదవడం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పేరు కథ. కణాలు తమంతట తాము పద్ధతిగా చావడానికి 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో దానర్థం ఆకు రాలడం, పూరేకులు రాలడం. చెట్టు నుంచి తెచ్చిన మాటను జంతుకణాలకు పెట్టారు. తీరా చెట్టు దగ్గరికి వచ్చి చూస్తే అది సరిపడలేదు. జంతువుల్లో చచ్చిన కణం ముక్కలైతే పొరుగు కణాలు మింగేస్తాయి. మొక్క కణం చుట్టూ గట్టి గోడ, మింగడానికి దారి లేదు. జంతువులు ఇందుకు వాడే కాస్పేస్ అనే కత్తెరలు మొక్కల్లో లేవు. వేరే కత్తెరలున్నాయి. ఆముదం గింజలో వాటిని చిన్న చిన్న సంచుల్లో మూటగట్టి సిద్ధంగా ఉంచుతుంది మొక్క. వేళ వచ్చినప్పుడు సంచి పగులుతుంది, కణం లోపల్నుంచి జీర్ణమైపోతుంది. ఆముదం శాస్త్రీయ నామం రిసినస్ కాబట్టి ఆ సంచులకు రిసినోసోములని పేరొచ్చింది.

వరిగింజ మధ్య కణాలది మరో తరహా చావు. అక్కడ కణం చచ్చాక కూడా దాని సరుకు చెక్కుచెదరదు. గంజిపొడి రేణువులు ఒరుసుకుని కేంద్రకాన్ని నలిపేస్తాయి, పొరలు దెబ్బతింటాయి, కానీ గోడౌను గోడౌనుగానే ఉంటుంది. కుళ్లదు. ఎందుకు చావాలంటే, చాలామంది ఒప్పుకునే వివరణ ఒకటుంది. బతికున్న కణం ఊపిరి పీలుస్తుంది, తిండి ఖర్చుపెడుతుంది. నెలల తరబడి గాదెలో ఉండవలసిన సరుకుకు కాపలాదారు ఆకలే పెద్ద నష్టం. కాపలాదారును తీసేస్తే సరుకు భద్రం.

చావు వేళ తప్పితే ఏమవుతుందో మొక్కజొన్న చూపిస్తుంది. రబీలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇప్పుడు మొక్కజొన్న బాగా వేస్తున్నారు. అందులోనూ మధ్య కణాలు ముందు చస్తాయి, ఆ చావుకు ఇథిలీన్ వాయువు సంకేతం. అరటిగెలలను మగ్గబెట్టేదీ ఈ వాయువే. 1997లో యంగ్, గాలీ, డిమేసన్ ఒక లోపమున్న మొక్కజొన్నను పరీక్షించారు. దానిలో చక్కెర గంజిపొడిగా సరిగా మారదు. మనం ఉడకబెట్టించుకు తినే స్వీట్‌కార్న్ రకాలు చాలావరకు ఈ లోపాన్ని పెంచి పోషించినవే. మామూలు గింజకన్నా ఇందులో ఇథిలీన్ ఎక్కువ పుట్టింది, చావు తొందరగా వచ్చి ఎక్కువగా పాకింది. స్వీట్‌కార్న్ విత్తనం ఎండాక ముడతలు పడి ఎందుకుంటుందో అప్పుడర్థమవుతుంది. కోఠీ నిండకముందే కాపలా ఎత్తేశారు.

అన్ని గింజలూ ఈ దారిలో పోవు. పలాస జీడిపప్పు తీసుకోండి. జీడిలో పిండం తన కవలను గింజ ముదిరేలోగానే దాదాపుగా తినేసి, ఆ బలాన్నంతా తన రెండు బద్దల్లో దాచుకుంటుంది. అందుకే జీడిపప్పు రెండు బద్దలుగా విడుతుంది. కందిపప్పు, పెసరపప్పు కూడా అంతే. పప్పు తింటే మనం తినేది పిల్లమొక్కనే. అన్నం తింటే దాని కవలను. పప్పన్నంలో ఇద్దరూ ఉన్నారు.

మరి వరిగింజలో బతికి మిగిలేదెవరు? ఒక మూలనున్న పిండం. దానితోపాటు, చచ్చిన కణాల దిబ్బ చుట్టూ గొంగడి కప్పినట్టున్న పలచని పొర. దీన్ని అల్యూరోన్ అంటారు. దీనిదీ మధ్య కణాల పుట్టుకే, ఒకే అంకురచ్ఛదం బిడ్డలే. కానీ అంచున ఉన్న కణాలు వేరే పేజీలు తెరుస్తాయి. గంజిపొడికి బదులు నూనె, ప్రోటీను దాచుకుంటాయి. ఒళ్లంతా ఎండిపోయినా ప్రాణం పోకుండా తట్టుకునే సత్తా సంపాదిస్తాయి. విత్తన పరీక్ష కేంద్రాల్లో టెట్రజోలియం పరీక్ష చేస్తారు. కోసిన గింజను ఆ ద్రావణంలో నానబెడితే ఊపిరి ఉన్నచోటల్లా ఎర్రబడుతుంది. పిండం ఎరుపు, అంచు ఎరుపు, మధ్యనున్నదంతా తెలుపు. ఇవాన్స్ బ్లూ చెప్పిన కథనే ఇది తిరగేసి చెబుతుంది.

అంచు కణాలు ఎదురుచూసేది పిండం నుంచి రావలసిన కబురు కోసం. గింజ తడిసి పిండానికి మెలకువ రాగానే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పంపుతుంది. ఆ కబురు అందిన అల్యూరోన్ కణాలు గంజిపొడిని కరిగించే ఎంజైముల పేజీలు తెరుస్తాయి. గోడౌను మళ్లీ చక్కెరగా మారి పిండానికి చేరుతుంది. కబురు రాకుండా అడ్డుపడేది అబ్సైసిక్ ఆమ్లం. గింజ ముదిరేటప్పుడు తగినంత తయారై, పొలంలోనే మొలకెత్తకుండా నిద్రపుచ్చుతుంది. ఆ నిద్ర కొన్ని రకాల్లో గాఢం, కొన్నిట్లో కలతనిద్ర. నవంబర్, డిసెంబర్ వానల్లో కోసి పడేసిన పనల మీద మొలకలు కనిపించేది ఈ కలతనిద్ర రకాల్లోనే ఎక్కువ. అప్పుడు రైతులకు వ్యవసాయాధికారులిచ్చే సలహా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లమని. ఉప్పునీరు గింజలోకి నీటిని సులువుగా ఇంకనివ్వదు. తడి అందని పిండం కబురు పంపదు. హార్మోన్ల లెక్క తెలియకపోయినా కల్లుప్పుతో ఆ కబురును ఆపేస్తున్నారు.

ఇంక మిల్లుకు వెళదాం. మిల్లు ముందు ఊక ఒలుస్తుంది, తరవాత పాలిష్ పడుతుంది. ఆ రెండో పనిలో రాలిపోయేది తవుడు. తవుడంటే అల్యూరోన్ పొర, దాని పైనున్న పలచని తొడుగులు, పిండం తునకలు. ఒక్క మాటలో చెప్పాలంటే గింజలో ప్రాణమున్న భాగమంతా. అది ఆవుకు పోతుంది, చచ్చిన దిబ్బ మనకొస్తుంది. ప్రాణమున్న కణానికి తిండిని శక్తిగా మార్చే యంత్రాంగం కావాలి. ఆ యంత్రాంగానికి బి1 విటమిన్ కావాలి. కాబట్టి అది పోగుపడేదీ ప్రాణమున్న చోటే. తెల్లబియ్యంలో మిగిలేది చాలా తక్కువ.

దీని ఫలితం మన ప్రాంతం కళ్లారా చూసింది. బెరిబెరి జబ్బుకు మన దేశంలో పేరుపడ్డ చోటు ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పి, ఒళ్లు ఉబ్బి, గుండె ఆగిపోయే జబ్బు. 1835లోనే మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు దీని మీద మద్రాసులో ఒక గ్రంథమే అచ్చువేశాడు. కారణం తెలియడానికి ఇంకా ఎంతో కాలం పట్టింది. జావాలో ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లు కూలబడటం, తవుడు పెడితే లేవడం చూశాడు. మన దేశంలో 1918లో కూనూరులో ఒకే ఒక గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టినవాడు మెక్‌కారిసన్. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

బెంగాలులోనూ తమిళనాట చాలాచోట్లా అన్నమే ముఖ్యాహారం, అయినా అక్కడ ఈ జబ్బు ఇంతగా ఎందుకు లేదంటే వాళ్లది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని ఊకతోనే నానబెట్టి ఉడికిస్తే పై పొరలోని విటమిన్ నీటితోపాటు మధ్యలోకి ఇంకుతుంది. ఆ తరవాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మనవాళ్లకు పచ్చిబియ్యమే ఇష్టం. దంపుడు రోజుల్లో రోకలి కొంత తవుడు వదిలేది, మిల్లు వచ్చాక అదీ లేదు. ఆపైన కడిగిన నీళ్లు పారబోసి, గంజి వార్చి, నీళ్లలో కరిగే ఆ విటమిన్‌కు మూడోసారి వీడ్కోలు చెప్పడం. పొలంలో పనిచేసే మనిషికి మాత్రం చోడి అంబలి కాస్త అండ. చోడిగింజ తోలు లోపలి పిండికి అతుక్కుపోయి ఉంటుంది, విడదీసి పాలిష్ పట్టడానికి లొంగదు. మొత్తం విసరాల్సిందే. విజయనగరం పరిశోధన కేంద్రం చంపావతి నది పేరు పెట్టి విడుదల చేసిన చోడి రకమైనా అంతే, అంబలిలోకి ప్రాణమున్న పొర కూడా వచ్చేస్తుంది.

ఆ విటమిన్‌ను రసాయనశాలలో తయారుచేసి 1936లో లోకానికి చూపించిన రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టాడు. మిషనరీల కొడుకు. నెల్లంటే వడ్లు. ఇలాంటి కాకతాళీయాలకు అర్థం వెతకకూడదని నాకు తెలుసు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

తవుడుకు ఒక అవలక్షణముంది. మర నుంచి వచ్చిన ఒకటి రెండు రోజులకే కంపు కొడుతుంది. గింజలో పక్కపక్కనే ఉన్నా విడివిడిగా ఉన్న నూనె, నూనెను కోసే ఎంజైమూ మరలో నలిగి కలిసిపోవడమే కారణం. తవుడు నూనె తీసే మిల్లులు అందుకే తాజా తవుడును వెంటనే వేడిచేస్తాయి. తెల్లబియ్యం మాత్రం నెలల తరబడి అలాగే ఉంటుంది. చచ్చినదానికి చెడిపోవడానికి తొందరేముంది!

మర ఆడించని వడ్లకు జూన్‌లో వేరే పని పడుతుంది. విత్తనాలను రాత్రంతా నానబెట్టి, గోనెలో మండె కడతారు. చెయ్యి లోపల పెడితే వెచ్చగా తగులుతుంది, లోపల ఊపిరి మొదలైందని గుర్తు. ఆ వెచ్చదనంలో పిండం కబురు పంపుతోంది, అంచు కణాలు గోడౌను తెరుస్తున్నాయి. తెరిచే పని అయిపోయాక వాటికీ వేళ వస్తుంది. ఇన్ని నెలలు ఎండను తట్టుకున్న అల్యూరోన్ కణాలు ఖాళీ గదులుగా ఉబ్బి, కొద్ది రోజుల్లో ఒక్కొక్కటీ చచ్చిపోతాయి. దానికి జిబ్బరెల్లినే సంకేతం. కోఠీ తెరవమన్న కబురులోనే ఆ చావూ ఉంది. ఉభాలకు ఆకు తీసేటప్పుడు వేళ్లు కడిగి చూస్తే, కాండం మొదట్లో ఒక్కోసారి పాత ఊక ఇంకా పట్టుకుని ఉంటుంది. వేలితో నొక్కితే లోపల ఏమీ ఉండదు.